కదలని గీత

ఉప్పలరేవు జిల్లా కోర్టుకి సరిగ్గా ఎదురుగా కామేశం కాఫీ హోటలుంది. తలుపుల చట్టం రాకముందు పొద్దున్న పదింటికి ఆ హోటల్లో కూర్చోవడానికి బల్ల దొరికేది కాదు. హత్యకేసు నడుస్తుంటే మరీను. పని లేనివాళ్లూ, పనెగ్గొట్టి వచ్చినవాళ్లూ, కేసుతో ఏ సంబంధమూ లేకపోయినా ఏ వకీలు ఎవరిచేత నీళ్లు నమిలించాడో చూడాలన్న సరదా ఉన్నవాళ్లూ ఇక్కడ పెసరట్టు తిని అక్కడికెళ్లి కూర్చునేవారు. మధ్యాహ్నం విరామానికి మళ్లీ ఇక్కడికే వచ్చి జడ్జిగారికంటే ముందే తీర్పు చెప్పేసేవారు.

ఆ చట్టం వచ్చి ఆరేళ్లయింది. క్రిమినల్ కేసుల విచారణ ఇప్పుడు మూసిన తలుపుల వెనక జరుగుతుంది. లోపల జడ్జి, వకీళ్లు, ముద్దాయి, సాక్షి, కాపలా కానిస్టేబులు, ఒక యంత్రం, దాన్ని నడిపే మనిషి. అంతే. ముద్దాయి పెళ్లానికైనా, చనిపోయినవాడి తల్లికైనా గుమ్మం దాటే వీల్లేదు. లోపల విన్నది బయట చెబితే మూడేళ్లు జైలు. తీర్పు మాత్రం తపాలాలో ఇంటికొస్తుంది.

“నీ యంత్రం న్యాయాన్ని ఏం ఉద్ధరించిందో నాకు తెలీదు గానీ, నా పెనాన్ని మాత్రం చల్లార్చేసింది” అని కామేశం అప్పుడప్పుడూ భార్యని ఆటపట్టించేవాడు. ఆ యంత్రాన్ని నడిపే మనిషి ఆయన భార్యే. పేరు వకుళ. నడపడమే కాదు, తొమ్మిదేళ్ల కిందట స్మృతి పరిశోధనాలయంలో దాన్ని తయారుచేసిన నలుగురిలో ఆవిడ ఒకరు.

ఆ సోమవారం వకుళ కోర్టుకి బయల్దేరేసరికి హోటలు మెట్ల మీద ఓలేటి నూకాలమ్మ కూర్చుని ఉంది. పన్నెండు రోజులుగా అక్కడే కూర్చుంటోంది. ఆమె మొగుడు దానయ్య మీద హత్యకేసు. మూణ్ణెల్ల కిందట పడవలపేట పక్కనున్న ఐసు ఫ్యాక్టరీకి మిట్టమధ్యాహ్నం నిప్పంటుకుని కాపలావాడు చనిపోయాడు. ఫ్యాక్టరీ మురుగు పేటలోకి వదులుతున్నారని దానయ్య అంతకుముందు రెండుసార్లు యజమానితో గొడవపడ్డాడు. అంచేత తగలబెట్టింది అతనేనన్నారు. గ్యాసు గొట్టం పగిలి అంటుకుందని పేట పేటంతా అంటోంది. కానీ పేట మాట వినడానికి ఇప్పుడు కోర్టులో చోటు లేదు.

“ఇయాల గంగరాజు సాచ్చికమంట కదమ్మా” అంది నూకాలమ్మ లేచి నిలబడి. “ఆడిది మా ఈదే. ఆడి పడవ తిరగబడితే మా ఆయనే ఈదుకెళ్లి లాక్కొచ్చాడు. ఆడు సెప్పేదేదో నా మొగం సూసి సెప్పమనండి. ఇంకేం అడగను.”

“లోపలి సంగతులు నేను మాట్లాడకూడదు నూకాలమ్మా.”

“మీరేం మాటాడొద్దండి. తలుపు కూసింత తీసి ఉంచండి, సాలు.”

వకుళకి చిరాకొచ్చింది. తప్పు చేసినవాళ్లకి వచ్చే చిరాకు అదని అప్పటికి ఆవిడకి తెలియదు. రోడ్డు దాటింది.

కోర్టు హాల్లో ఒకప్పుడు జనం కూర్చునే బెంచీలన్నీ తీసేశారు. ఆ చోట సాక్షి పీఠం ఉంది. చూడ్డానికి క్షవరం కుర్చీలా ఉంటుంది. సాక్షి అందులో కూర్చుంటే వకుళ అతని తలకి తీగెల టోపీ తొడుగుతుంది. అతను గుర్తుచేసుకున్నది గోడమీద తెరపై బొమ్మగా కనిపిస్తుంది. బొమ్మ కింద ఒక పచ్చగీత పాకుతూ ఉంటుంది. గీత కదలకుండా ఉంటే జ్ఞాపకం స్వచ్ఛమైనదని లెక్క. అప్పుడు వకుళ లేచి “నిర్మలం” అనాలి. ఆవిడ ఆ మాట అన్నాక వకీళ్లు అడ్డుప్రశ్నలు వెయ్యడానికి లేదు.

గంగరాజు సన్నగా, భయంభయంగా ఉన్నాడు. యంత్రం సరిచూడ్డానికి ఎప్పుడూ అడిగే ప్రశ్నే వకుళ ముందు అడిగింది. “పొద్దున్న ఏం తిన్నావు?”

తెరమీద స్టీలు పళ్లెం, మూడిడ్లీలు, చట్నీ కనిపించాయి. ఇడ్లీలు ఒకసారి మూడయ్యాయి, ఒకసారి నాలుగయ్యాయి. కింద గీత సన్నగా వణికింది. మొదట్లో అందరికీ వణుకుతుంది. కొత్తచోటు, భయం అని యంత్రం పుస్తకంలో రాసుంది. ఆ పుస్తకం రాసింది కూడా వకుళే.

“ఇప్పుడు ఫ్యాక్టరీ కాలిన రోజు గుర్తుచేసుకో.”

వెనకగోడ పక్కన దానయ్య. నీలంగళ్ల లుంగీ. చేతిలో ఎర్ర డబ్బా. డబ్బా మూత తీస్తున్నాడు. లుంగీ గళ్లు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు పడుకుని ఉంది. బోనులో నిలబడ్డ దానయ్య తెరవంక చూస్తూ, “నాకా లుంగీయే లేదండి” అన్నాడు. మాట్లాడకూడదని జడ్జి విఠల్‌రావు గారు వారించారు. ప్రభుత్వం తరఫు వకీలు పి.పి. గారు వాచీ చూసుకున్నారు.

“నిర్మలం” అంది వకుళ. ఆరేళ్లుగా అన్నట్టే అంది.

హత్యకేసుల్లో సాక్షిని రెండుసార్లు పీఠం ఎక్కించాలి. రెండోసారి శుక్రవారమని జడ్జిగారు రాసుకున్నారు. అప్పుడూ గీత కదలకపోతే ఆ పూటే తీర్పు. దానయ్యకి యావజ్జీవం.

టోపీ తీగెలు చుడుతున్నప్పుడు వకుళకి మనసులో ఏదో కలుక్కుమంది. పొద్దున్న తిన్న ఇడ్లీలు వణికాయి. మూణ్ణెల్ల కిందటి మంట వణకలేదు. పొద్దుటి సంగతికంటే మూణ్ణెల్ల కిందటి సంగతి ఈ మనిషికి ఎక్కువ గుర్తుందా? భయం వల్ల ఇడ్లీలు వణికితే, హత్యకేసులో సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ భయం ఎటుపోయింది? ఇన్నేళ్లూ ఈ ప్రశ్న తనకెందుకు రాలేదో ఆవిడకి అర్థం కాలేదు.

మధ్యాహ్నం హోటల్లో కాఫీ ముందు పెట్టుకుని, తాగకుండా కూర్చుంది. కామేశం నూకాలమ్మకి రెండు పూరీలు పెట్టి, ఊరికే మాట కలపడానికి అడిగాడు. “మీ పేటలో తగువులొస్తే ఎవరు తీరుస్తారు?”

“ఒడ్డుమీద కూకుంటామండి. ఆడా మగా పిల్లా జెల్లా అందరూ. సాచ్చికం సెప్పేవోడు మజ్జిన నిలబడాల. ఆడు రెండు పడవలన్నాడనుకోండి, ఎనకనించి ఎవరో మూడంటారు. ఆడు ఆగుతాడు, బుర్ర గోక్కుంటాడు. ఒకోపాలి అవును మూడే అంటాడు, ఒకోపాలి కాదెహె రెండే, నాకు బాగా గురుతంటాడు. అలా ఆగినోడి మాటే మేం నమ్ముతాం. ఆగకుండా గడగడా సెప్పేసేవోడిని పెద్దోరు కూకోమంటారు.”

వకుళ తలెత్తింది. “కూర్చోమంటారా? ఎందుకని?”

“ఎవరో నేర్పి పంపారనండి. సూసినోడు తడుముకుంటాడు కదమ్మా. నేర్చుకున్నోడికి తడుముకోడానికి ఏటుంటాది?”

కాఫీ చల్లారిపోయింది.

తొమ్మిదేళ్ల కిందటి ప్రయోగాలు ఒక్కొక్కటీ జ్ఞాపకం వచ్చాయి. మధ్యాహ్నం బిరియానీ పెడతామని చెప్పి హాస్టలు విద్యార్థుల్ని ముప్పైమందిని తెచ్చి పీఠం ఎదురుగా కూర్చోబెట్టారు. వాళ్లు చూస్తుంటే గీత ఊగిపోయింది. వాళ్లని బయటికి పంపి తలుపేస్తే గీత సద్దుకుంది. నలుగురూ చప్పట్లు కొట్టుకున్నారు. జీవితమంతా పనిముట్లతో గడిపినవాళ్లకి వణికే ముల్లంటే పాడైన ముల్లే. వణుకు పోగొట్టడమే వాళ్లకి తెలిసిన వైద్యం. ఆ వణుకేమిటని అడగాలన్న ఆలోచనే ఒక్కరికీ రాలేదు. ఆ రోజు నివేదికలో వకుళ తన చేత్తో ఒక వాక్యం రాసింది: “చూసేవారి సమక్షం స్మృతిని కలుషితం చేస్తుంది.” చట్టం మొదటి పేజీలో ఆ వాక్యమే ఉంది. జనం ఎదుట చెప్పుకోలేని పనులు చేసేవాళ్లకి అంతకంటే మంచి వాక్యం ఎవరు రాసిస్తారు?

బుధవారం సెలవు. వకుళ మొగుణ్నీ, ఆయన అక్క రాజ్యలక్ష్మినీ వెంటబెట్టుకుని పరిశోధనాలయానికి వెళ్లింది. రాజ్యలక్ష్మి వేయించిన పల్లీలు పొట్లం కట్టుకుని మరీ వచ్చింది.

“నేను పీఠంలో కూర్చుంటాను” అంది వకుళ. “మన పెళ్లి గుర్తుచేసుకుంటాను. మొదట గదిలో ఎవరూ ఉండకూడదు. తరవాత వదిన వచ్చి నా ఎదురుగా కూర్చోవాలి. ఒక్క ముక్క మాట్లాడకూడదు వదినా, చూస్తే చాలు.”

“మాట్లాడకుండానా?” అంది రాజ్యలక్ష్మి దిగులుగా.

వకుళ పెళ్లి అనగానే హోటల్లో ఎవరికైనా గుర్తొచ్చేది మేక. తాళి కట్టే వేళకి మేకొకటి పందిట్లోకి దూరి పెళ్లికూతురి పూలదండ సగం నమిలేసిందని కామేశం ఇరవై నాలుగేళ్లుగా చెబుతున్నాడు. వకుళ కూడా కొలీగులకి ఎన్నోసార్లు చెప్పి నవ్వించింది.

ఖాళీ గదిలో టోపీ పెట్టుకుని కళ్లు మూసుకుంది. అద్దం అవతల నిలబడి కామేశం తెర చూశాడు. తెల్లమేక, ఒక చెవి నలుపు, నోట్లోంచి వేలాడుతున్న మల్లెదండ. గీత బల్లమీద పరిచిన దారంలా ఉంది.

తరవాత రాజ్యలక్ష్మి వచ్చి ఎదురుగా కూర్చుంది. పెళ్లిరోజు ఆ దండ పట్టుకుని వకుళ పక్కనే నిలబడ్డ మనిషి ఆవిడే. వకుళ కళ్లు తెరిచి ఆవిడ మొహం చూస్తూ మళ్లీ గుర్తుచేసుకుంది. గీత తుళ్లింది. మేక నల్లచెవి పోయింది. కాళ్లు పోయాయి. మేక ఉన్నచోట ఇత్తడి బిందె ఒకటి కనిపించింది, దాని పక్కన రాజ్యలక్ష్మి చెయ్యి, చేతిలో నిండుదండ. గీత వణుకుతూనే ఉంది.

వకుళ టోపీ తీసేసింది. “మేకేదండీ?”

కామేశం నేలచూపులు చూశాడు. “మేక లేదే. పెళ్లయిన కొత్తలో నువ్వు పుట్టింటిమీద బెంగతో నవ్వేదానివి కాదు. నవ్వించడానికి కల్పించాను. నువ్వు నమ్మావు. తరవాత్తరవాత నేను చెప్పకముందే నువ్వే చెప్పడం మొదలుపెట్టావు.”

“నాతో ఒక్కసారైనా అన్నారూ ఈ మేక సంగతి?” అంది రాజ్యలక్ష్మి. మాట్లాడొచ్చని తెలియగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. “అనుంటే అప్పుడే చెప్పేదాన్ని, మేకా లేదు, గీకా లేదని.”

వకుళకి ఏడుపొచ్చింది. ఆ మేకంటే ఆవిడకి ఇష్టం. కానీ ఏడ్చింది మేక కోసం కాదు. ప్రేమతో చెప్పిన అబద్ధమే ఇంత స్పష్టంగా కనబడితే, లాఠీ పట్టుకుని రోజూ చెప్పిన అబద్ధం ఎంత స్పష్టంగా కనబడుతుంది? లుంగీ గళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

సాయంత్రం దాకా పాత రికార్డులు తిరగేసింది. నిజమని తరవాత వేరే రుజువు దొరికిన జ్ఞాపకాలు విడిగా తీసి చూస్తే, ఒక్కటి మిగలకుండా అన్నిట్లోనూ గీత కాస్తో కూస్తో వణికింది. తాము ఏరి పారేసినవన్నీ అవే.

గురువారం పొద్దున్నే డైరెక్టరు పరాంకుశం గారి గదిలో ఆ కాగితాలు బల్లమీద పరిచింది. పరాంకుశం గారు దుర్మార్గుడేం కాదు. ఆవిడకి చదువు చెప్పి, పని నేర్పిన మనిషి. ఆయన అన్నీ చదివారు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“ఎన్ని కేసుల్లో నిర్మలం అన్నాం?” అనడిగింది వకుళ.

“నాలుగువేల రెండువందల పైన.”

“అందులో ఎంతమందికి నేర్పి పంపారో మనకి తెలీదు.”

“తెలీదు. తెలుసుకునే దారీ లేదు. చూడు వకుళా, దీన్ని మనం మెల్లగా సరిచేద్దాం. వచ్చే ఏడాది యంత్రంలో మార్పులు చేద్దాం. రహస్యంగా ఒక నోటు పంపిస్తాను.”

“రేపు దానయ్యకి శిక్ష పడుతుంది సార్.”

“ఒక్క దానయ్య కోసం ఇది బయటపెడితే నాలుగువేల జైలు గదుల తాళాలు తియ్యమంటారు.”

“తియ్యాల్సినవి తియ్యనివ్వండి.”

“అందులో నిజంగా చంపినవాళ్లూ ఉంటారు.”

“ఉంటారు. వాళ్లెవరో, కానివాళ్లెవరో తేల్చడానికి ఊరంతా కూర్చుని వినాలి. మనం తలుపులేసి, ఎవరూ కాదనకుండా చేశాం. ఆ తలుపు నేనేశాను సార్. నా వాక్యంతోనే వేశారు.”

పరాంకుశం గారి గొంతు గట్టిపడింది. “నీమీద రహస్య ప్రమాణం ఉంది. నోరు విప్పితే మూడేళ్లు. నేను కాపాడలేను.”

“ఆరేళ్లు నోరు మూసుకున్నాను. ఇక నావల్ల కాదు” అంది వకుళ. కాగితాలు తీసుకుని బయటికి వచ్చింది. మెట్లు దిగుతుంటే కాళ్లు వణికాయి. వణకనీ అనుకుంది.

హోటలు కట్టేసే ముందు కామేశానికి తను చెయ్యబోయేది చెప్పింది. లోపల జరిగినదేదీ చెప్పలేదు, ఆ ప్రమాణం ఇంకా ఒక్కరోజు ఉంది. కోర్టు యంత్రాల నిబంధనల్లో పదకొండోది ఏమిటో చెప్పింది. యంత్రం సరిచూడ్డానికి కావలసిన సామగ్రినీ మనుషులనూ నిపుణుడు లోపలికి పిలిపించుకోవచ్చు. ఇంతవరకూ ఆ నిబంధన కింద లోపలికొచ్చింది కరెంటు పనివాడొక్కడే.

“రేపు ఓ నలభైమందిని పిలిపిస్తాను. నన్ను పట్టుకెళతారు.”

కామేశం చాలాసేపు బల్ల తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. “మూడేళ్లు నీ చేతి వంట తప్పించుకోవచ్చన్నమాట” అన్నాడు. నవ్వలేకపోయాడు. గుడ్డ పక్కన పెట్టి, “పేటకి నేను వెళ్లొస్తాను. ఎవరెవరు రావాలో నూకాలమ్మని అడిగి పేర్లు రాసుకొస్తాను” అని చెప్పులేసుకున్నాడు.

శుక్రవారం పదిన్నరకి కోర్టు వరండాలో బంట్రోతు చిట్టబ్బాయి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు అతను పేరు పిలిస్తే బజారు చివర బండిమీద అరటిపళ్లమ్మేవాడు కూడా తిరిగిచూసేవాడు. కక్షిదారు పేరు మూడుసార్లు పిలవడం కోర్టు ఆచారం. తలుపులు మూశాక జనంలోకి పిలవాల్సిన పని లేకుండా పోయింది, గోడకి బెల్లు పెట్టారు. చిట్టబ్బాయి ఆరేళ్లుగా ఆ బెల్లు నొక్కుతున్నాడు, దాన్ని చూసినప్పుడల్లా అతనికి ఒళ్లు మండుతుంది.

వకుళ ఒక కాగితం అతని చేతికిచ్చింది. “ఇవి యంత్రం సరిచూడ్డానికి కావాలి చిట్టబ్బాయ్. పదకొండో నిబంధన. సంతకం పెట్టాను.”

చిట్టబ్బాయి కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. “సామాన్లనుకున్నానండి. వీటికి ఇంటిపేర్లున్నాయేంటండీ?”

“ఉంటాయి. పిలుస్తావా?”

అతను గేటుకేసి చూశాడు. గేటు అవతల పడవలపేట నిలబడి ఉంది. ముందు నూకాలమ్మ. చిట్టబ్బాయి స్టూలు దిగి, అడ్డబెల్టు సర్దుకుని, రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“ఓలేటి నూకాలమ్మా... ఓలేటి నూకాలమ్మా... ఓలేటి నూకాలమ్మా...”

ఆ గొంతు విని జడ్జిగారు లోపల ఫైలుమీంచి తలెత్తారు. ఒక పేరయింది, రెండో పేరు, మూడో పేరు. ఒక్కొక్క పేరూ మూడుసార్లు, ఏదీ తగ్గించకుండా. కోర్టు మనిషి పిలుస్తుంటే గేటు దగ్గర కానిస్టేబుళ్లు ఆపాలో వద్దో తేల్చుకోలేకపోయారు. చేపలబుట్టలు మోసి మోసి మెడలు గట్టిపడ్డ ఆడవాళ్లూ, ఎండకి కమిలిన మగవాళ్లూ చెప్పులు వరండాలో విడిచి ఒకళ్ల వెనక ఒకళ్లు లోపలికొచ్చారు. బెంచీలు లేవు కాబట్టి నేలమీద కూర్చున్నారు. బోనులో దానయ్య కటకటాలు గట్టిగా పట్టుకున్నాడు. పెళ్లాన్ని చూసి అతనికి మూణ్ణెల్లయింది.

“ఎవరు వీళ్లంతా?” అన్నారు జడ్జిగారు.

“యంత్రం సరిచూడ్డానికి కావలసిన మనుషులండి.”

పి.పి. గారు ఎగిరిపడ్డారు. “ఇది చట్టాన్ని వెక్కిరించడం. ఆ నిబంధన కరెంటు పనివాడి కోసం పెట్టింది.”

“ఆ నిబంధన నేనే రాశానండి” అంది వకుళ. “మనుషులు అని రాశాను. ఎలాంటి మనుషులో రాయలేదు. వీళ్లు లేకుండా ఈ యంత్రం సరిగ్గా ఉందని నేను సంతకం పెట్టను. నా సంతకం లేకుండా సాక్షిని పీఠం ఎక్కించడానికి లేదు. ఎక్కించకుండా తీర్పు లేదు.”

జడ్జిగారు నిబంధనల పుస్తకం తెప్పించుకుని చదివారు. మళ్లీ చదివారు. చివరికి, “పది నిమిషాలు. ఎవరూ మాట్లాడకూడదు” అన్నారు.

వకుళ గంగరాజుకి టోపీ తొడిగి, పీఠాన్ని జనంవైపు తిప్పింది. పొద్దున్న తిన్నది అడిగింది. ఉప్మా కనిపించింది, గీత వణికింది. ఫ్యాక్టరీ కాలిన రోజు అడిగింది. గంగరాజు నేలచూపులు చూస్తూనే గుర్తుచేసుకున్నాడు. నీలంగళ్ల లుంగీ, ఎర్ర డబ్బా వచ్చి నిలిచాయి. గీత చదునుగా పడుకుంది. పి.పి. గారు ఊపిరి వదిలారు.

నూకాలమ్మ లేచి నిలబడింది. గంగరాజు మొహంలోకి చూస్తూ ఊరికే నిలబడింది. గంగరాజు తలెత్తాడు, చూపు తప్పించి పక్కకి చూశాడు. పక్కన వాళ్ల పినతండ్రి. అటు చూస్తే, మంట లేచిన రోజు అతనితో పాటు పరిగెత్తిన ఓలేటి ముసలయ్య. ఎటు చూసినా ఆ రోజు అక్కడున్నవాళ్లే.

గీత ఒకసారి ఎగిరింది. మళ్లీ ఎగిరింది. తరవాత ఆగలేదు. డబ్బా ఎర్రరంగు వెలిసిపోయి, డబ్బాయే పోయింది. లుంగీ పోయింది. మనిషి పోయాడు. తెరనిండా తెల్లటి పొగ, పొగలో బుస్సుమంటూ ఏదో కారుతున్న గొట్టం, చంకలో కూతుర్ని ఎత్తుకుని పరిగెత్తుతున్న తన సొంత చేతులు. అవికూడా ఒకసారి కుడిచంక, ఒకసారి ఎడమచంక.

గంగరాజు టోపీ పీకేశాడు. “నేను డబ్బా సూళ్లేదండి” అన్నాడు. ఏడుస్తున్నాడు. “టేసన్లో రోజూ కూకోబెట్టేవోరు. ఏటి సూశావనేవోరు, ఆళ్లే సెప్పేవోరు. లుంగీ రంగుకూడా ఆళ్లే సెప్పారు. ఆకరికి నాకే కనబడ్డం మొదలెట్టింది. అబద్దమాడదామని ఆడలేదండి. నిజంగానే కనబడింది. వదినా, నిజంగానే కనబడింది.”

“తెలుసురా” అంది నూకాలమ్మ. “కూకో.”

జడ్జిగారు వకుళని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు.

“అమ్మా, నేను చెప్పేది వినండి. యంత్రం చెడిపోయిందని రాసుకుంటాను. సాక్షి మాట మార్చాడని దానయ్యని వదిలేస్తాను, ఈ పూటే. మీరు పొరపాటున పిలిపించారని రాస్తాను. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. ఇంటికెళ్లిపోండి.”

వకుళకి ఒక్క క్షణం వెళ్లిపోవాలనిపించింది. గేటు అవతల కామేశం నిలబడి ఉంటాడు. నూకాలమ్మ కోరింది దక్కుతుంది. తను చెయ్యాల్సిందల్లా తలూపడమే. ఆ తరవాత మళ్లీ తలుపులు మూస్తారు, సోమవారం ఇంకో సాక్షి కూర్చుంటాడు, తను లేచి నిర్మలం అనాలి.

“దానయ్యని వదిలెయ్యండి” అంది. “యంత్రం మాత్రం చెడిపోలేదండి. మొదటిరోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. తప్పు నేను రాసిన వాక్యంలో ఉంది. ఆ వాక్యం చూసి తలుపులు మూశారు. నాలుగువేల రెండువందలసార్లు మేం నిర్మలం అన్నది వణకనివాటిని చూసి. వణకనివి నేర్పినవి. నేనీ మాట చెబుతున్నానని రాసుకోండి.”

“రాస్తే మిమ్మల్ని ఇక్కడినుంచే అరెస్టు చెయ్యాల్సి వస్తుంది.”

“తెలుసండి.”

“నేను విన్న కేసులు కూడా అందులో ఉన్నాయి.” ఆ మాట జడ్జిగారు ఇంకా తగ్గించి అన్నారు.

“తెలుసండి. మూడొందల పదకొండు.”

పి.పి. గారు, “తలుపులు వేయించండి, వీళ్లని బయటికి పంపండి, తరవాత మాట్లాడదాం” అంటున్నారు. కానిస్టేబులొకడు వచ్చి వకుళ పక్కన నిలబడ్డాడు, చెయ్యి వెయ్యాలో లేదో తెలియక. జడ్జిగారు తలుపుకేసి చూశారు. అక్కణ్నించి నేలమీద కూర్చున్నవాళ్లకేసి చూశారు. ఆరేళ్లుగా ఆయన ఒక్కరే కూర్చుని రాశారు, ఏం రాసినా అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు నలభైమూడుమంది ఆయన చేతికేసే చూస్తున్నారు. అందులో సగంమందికి చదువు రాదు. అయినా అందరూ మెడలు సాచి చూస్తున్నారు. ఆయన కలం తీసి కాగితంమీద పెట్టారు. చెయ్యి వణికింది. ఎత్తి, మళ్లీ పెట్టారు.

“తలుపు అలాగే ఉండనివ్వండి” అన్నారు పి.పి. గారితో. తరవాత వకుళవైపు తిరిగారు. “మొదటినుంచి చెప్పండమ్మా.”

వకుళ చెప్పడం మొదలుపెట్టింది. రెండు మాటలు చెప్పిందో లేదో ఆయన చెయ్యెత్తి ఆపారు.

“కాస్త గట్టిగా చెప్పండి. వెనకవాళ్లకి వినబడాలి.”